తగ్గింపు బుట్టలో కత్తి

శనివారం ఉదయం పదిన్నరకు ఆమె కత్తిని వెనక్కి ఇవ్వడానికి దుకాణానికి వెళ్ళింది. పదకొండుంబావుకు దుకాణం బయట నిలబడి ఉంది. కత్తి ఆమె సంచిలోనే ఉంది.

కత్తి ఆమెది కాదు, భర్తది. పోయిన నెల ఆయన గుడారం మేకులు కొనడానికి ఇదే దుకాణానికి వచ్చి, గల్లా పక్కనున్న తగ్గింపు బుట్టలో దాన్ని చూశాడు. కొస కొడవలిలా వంగిన చిన్న కత్తి, చెక్క పిడి. చెంచాకి గుంట తొలవడానికి వాడతారు. ఆయన స్నేహితుల్లో ఒకాయన అడవికి వెళ్ళినప్పుడు మంట పక్కన కూర్చుని చెంచాలు చెక్కుతాడు. ఈయనకీ చెక్కాలనిపించింది. ఇంటికి తెచ్చి, బాల్కనీలో కూర్చుని, ఒక ఆదివారమంతా కర్రతో కుస్తీ పట్టాడు. గుంట పడలేదు, గీతలు పడ్డాయి.

"దీనికి పదునే లేదు. శుద్ధ దండగ. నువ్వెళ్ళి మార్చుకురా. బదులుగా తలకు కట్టుకునే లైటు ఇమ్మను," అన్నాడు.

కొనడం ఆయన పని. మార్చుకురావడం ఆమె పని. బూట్లు బిగుతైనా, స్టవ్ గొట్టం సరిపోకపోయినా, పొట్లం కట్టి తీసుకెళ్ళి, గల్లా ముందు నిలబడి, "మావారు చూసుకోలేదండీ" అనే మాట ఆమెకు అలవాటే. ఆయన మంచివాడు. గొంతు పెంచడు. "నువ్వు మాట్లాడితే వాళ్ళు కాదనరు" అంటాడు. ఆ మెచ్చుకోలు విన్న ప్రతిసారీ ఆమెకొక బస్సు ప్రయాణం తగులుతుంది.

దుకాణం గోడకు గొడ్డళ్ళు చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా ఉన్నాయి. వాటి కింద మడత రంపాలు, సానరాళ్ళు, తాళ్ళ చుట్టలు. పై తాడుకు స్లీపింగ్ బ్యాగులు గబ్బిలాల్లా తలకిందులుగా వేలాడుతున్నాయి. గల్లా దగ్గర ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. దుకాణం ఆవిడదే. బొటనవేలికి తోలు తొడుగు వేసుకుని ఉంది.

"పదును లేదంటున్నారండీ మావారు," అంది ఆమె.

పెద్దావిడ కత్తిని ఒరలోంచి తీసి ముంజేతి మీద నూగుకు ఆనించింది. నూగు తెగి గల్లా మీద రాలింది.

"పదునుకేం రోగం, గడ్డం గీసుకోవచ్చు దీంతో. ఇంతకీ మీవారు ఏ చేత్తో పట్టుకున్నారు?"

"కుడిచేత్తోనే."

"అదీ సంగతి. ఇది పుర్రచేతివాళ్ళ కత్తమ్మా. ఈ వంపుకి పదును ఒకవైపే ఉంటుంది. కుడిచేత్తో పట్టుకుంటే చెక్కకి తగిలేది దీని వీపు. వీపుతో తొలిస్తే గుంటెక్కడ పడుతుంది? అందుకేగా తగ్గింపు బుట్టలో పడింది. అడిగేవాళ్ళు లేక మూలుగుతోంది. చీటీ కూడా అతికించాను, ఎడమచేతిది అని."

"మావారు ధర దాకా చదివి ఆపేసుంటారు."

పెద్దావిడ నవ్వింది. బల్ల కింద నుంచి పచ్చికర్ర ముక్క ఒకటి తీసింది. చెంచా ఆకారం కట్టి, గుంట తియ్యకుండా వదిలేసిన ముక్క. "కత్తిలో లోపం లేదని చూపించాలంటే పుర్రచేతి మనిషి కావాలి. నాకేమో రాదు. ఎవర్ని పట్టుకొచ్చేది?" అంటూ కర్రనూ కత్తినీ బల్ల మీద పెట్టింది.

ఆమె ఎడమచెయ్యి ముందుకెళ్ళింది. కత్తి దగ్గర ఆగింది. ఆమె వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. తలుపు దగ్గర ఎవరూ లేరు. అప్పుడు కత్తి తీసుకుంది.

మొదటి కోతకే చెక్కలోంచి ఒక పెచ్చు చుట్ట చుట్టుకుంటూ లేచి బల్ల మీద పడింది. దాని మీద ఇంకొకటి పడింది. పచ్చికర్ర వెన్నలా లొంగుతోంది. మణికట్టు ఎటు తిరగాలో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. గుంట అడుగుకి వచ్చాక ఒత్తిడి తగ్గించి, అంచు దగ్గర కత్తిని పైకి లేపింది.

"ఎక్కడ నేర్చుకున్నారు?" అంది పెద్దావిడ.

"పళ్ళు చేస్తానండీ నేను."

"ఏం పళ్ళు?"

"మనుషులవి. కట్టుడు పళ్ళు. ముందు మైనంతో చెక్కుతాం."

"అలా చెప్పండి! నోట్లో పెట్టుకునేవి చెక్కే మనిషికి నోటి దాకా తీసుకెళ్ళేది చెక్కడం ఒక లెక్కా?" పెద్దావిడ చెంచాను వెలుతురుకి పట్టి చూసింది. "వచ్చే నెల మేం కొందరం కొండకింద వాగు దగ్గరికి వెళ్తున్నాం. శనివారం వెళ్ళి ఆదివారం రావడం. కర్ర అక్కడే దొరుకుతుంది. గుడారాలు నావి. పడక, కత్తి ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. మీకు కత్తి ఉండనే ఉంది. వచ్చెయ్యండి."

"వీలు పడదండీ."

"పసిపిల్లలా?"

"అత్తగారు. చెయ్యి విరిగింది. నేనే తినిపించాలి."

"ఏ చెయ్యి?"

"కుడిచెయ్యి."

"ఎడమచెయ్యి ఉందిగా?"

ఆమె కత్తిని ఒరలో పెట్టింది. దీనికి జవాబు చెప్పాలంటే పన్నెండేళ్ళు వెనక్కి వెళ్ళాలి. అంత సేపు లేదు, మధ్యాహ్నం భోజనం వేళకి ఇంట్లో ఉండాలి. "లైటు ఇవ్వమంటారా మరి?" అని పెద్దావిడ అడిగింది. ఆమె వద్దంది. ఆ మాట అన్నాక, అన్నది తానేనా అని తనకే అనుమానం వచ్చింది.

పెళ్ళయిన మొదటి వారం ఆమె బంగాళాదుంపలు ఒలిచి, తొక్కలు చెత్తబుట్టలో వేసి, స్నానానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి అత్తగారు ఒక తొక్కను వేళ్ళ మధ్య సాగదీసి పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒలిచేటప్పుడు ఆవిడ వంటింట్లో లేరు. "నీది పుర్రచెయ్యా, అమ్మాయ్?" అన్నారు. తొక్క తిరిగిన తీరు చూసి చెయ్యి చెప్పేశారు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషని ఆ రోజే అర్థమైంది. "మా ఇంట్లో ఎడమచేత్తో తినరు, వడ్డించరు. మానుకో. మానుకోవచ్చు. మొదట్లో కష్టంగా ఉంటుంది, తరవాత చెయ్యే మర్చిపోతుంది," అన్నారు. తిట్టలేదు. వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పారు.

గిన్నెలు ఆరబెట్టే స్టాండు కుళాయికి ఎడమవైపు ఉండేది. ఆమె పళ్ళెం కుడిచేత్తో పట్టుకుని ఎడమచేత్తో తోముతుంది. కడిగిన పళ్ళెం కుడిచేతిలో ఉంటుంది కాబట్టి స్టాండు కుడివైపు ఉంటే తిన్నగా పెట్టెయ్యొచ్చు. అందుకని స్టాండును కుడివైపుకు జరిపింది. మర్నాడు పొద్దున అది ఎడమవైపు ఉంది. మళ్ళీ జరిపింది. మళ్ళీ వెనక్కి వెళ్ళింది. ఆ వారమంతా దాని గురించి ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. వారం తిరిగేసరికి స్టాండు గెలిచింది. భర్తతో చెబితే, "పోనిద్దూ, ఒక చెయ్యి కాకపోతే ఇంకో చెయ్యి. దేవుడు రెండిచ్చింది అందుకేగా," అని జోకేశాడు. ఆమె కూడా నవ్వింది. కొత్త కోడలు దేనికైనా నవ్వుతుంది.

అప్పటి నుంచి ఆమెకు రెండు జన్మలు. పొద్దున తొమ్మిదింటికి ల్యాబులో తెల్లకోటు తొడుక్కోగానే ఎడమచేతి మనిషి. అక్కడ ఎవరికీ పట్టదు, పన్ను సరిగా కూర్చుంటే చాలు. సాయంత్రం బస్సు దిగి, సంచిని ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుని మెట్లెక్కితే కుడిచేతి మనిషి. కూర తరిగితే కుడిచేతిలోని కత్తి ఎడమచేతి వేళ్ళను కోసేది. వడ్డిస్తే అంచుల మీద పడేది. "దీనికి చేతిలో స్థిమితం లేదు పాపం," అని అత్తగారు చుట్టాల ముందు జాలిపడేవారు. ఆ అత్తగారి కింది దవడలో రెండు పళ్ళు ఆమె చేసినవే, ఎడమచేత్తో. ఆవిడ రోజూ వాటితోనే నములుతున్నారు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఇక నడవాలోని అలమర. దాని నిండా భర్త అడవి సామాను. ఆయన ఆఫీసు స్నేహితులతో కలిసి రెండు మూడు నెలలకోసారి అడవికి వెళ్తాడు. తిరిగొచ్చి, నడుం విరిగిందని పడుకుంటాడు. గుడారాన్ని స్నానాలగదిలో ఆరేసేది ఆమె. బురద ఎండాక దులిపేది ఆమె. స్లీపింగ్ బ్యాగులో పొగ వాసన పోయేదాకా కిటికీకి వేలాడదీసేది, గొడ్డలికి సాన పట్టి నూనె రాసేది, చిరిగిన చోట అతుకు వేసేది, మళ్ళీ ప్రయాణానికి ఏది అడుగున పెట్టాలో ఏది పైన పెట్టాలో చూసి సర్దేది ఆమె. ఆ గుడారంలో ఒక్క రాత్రి పడుకోలేదు గానీ దాని ప్రతి కుట్టూ ఆమెకు తెలుసు. ఒకసారి, "నేనూ రానా?" అని అడిగింది. "నువ్వా? రాళ్ళ మీద పడుకోవాలి, దోమలు పీకుతాయి. అయినా నువ్వొస్తే అమ్మనెవరు చూస్తారు?" అన్నాడు. తరవాత చాలా ప్రేమగా, "నువ్వు సర్దితేనే నాకు ధైర్యం తెలుసా?" అన్నాడు. ఆ రెండో మాటకి ఆమె లోపల ఏదో మెత్తబడి, మొదటి మాటని మళ్ళీ ఎత్తలేదు. అలా మెత్తబడి వదిలేసినవి తన దగ్గర ఎన్ని ఉన్నాయో ఇవాళ బస్సులో కూర్చుని, ఒళ్ళో కత్తి పెట్టుకుని, ఒక్కొక్కటే తలుచుకుంది. కోపం రాలేదు. ఎవరో వదిలేసి వెళ్ళిన సామాను చూస్తున్నట్టుంది. ఇది ఎవరిదండీ అని అడిగితే నాదే అనాలి.

ఇంటికొచ్చేసరికి అత్తగారు భోజనం బల్ల దగ్గర, మెడలో తువ్వాలు కట్టుకుని కూర్చుని ఉన్నారు. మెట్ల మీద జారి కుడి మణికట్టు విరిగింది. అరచేతి నుంచి మోచేతి దాకా పిండికట్టు. రెండు నెలలు పడుతుందన్నాడు డాక్టరు. "అందాకా ఎడమచేత్తో తినండి," అన్నాడట. "ఎముకలు అతికించేవాడు, వాడికి భోజనం గురించి ఏం తెలుసు?" అన్నారు అత్తగారు. కొడుకు తినిపిస్తానంటే ఒప్పుకోలేదు. "మీసాలొచ్చిన కొడుకు చేత ముద్దలు పెట్టించుకోవడానికి నేనింకా మంచాన పడలేదు." కాబట్టి కోడలు. పొద్దున ల్యాబుకు వెళ్ళబోయే ముందు, మధ్యాహ్నం భోజన విరామంలో బస్సెక్కి వచ్చి, మళ్ళీ రాత్రి. మధ్యాహ్నం తన భోజనం బస్టాపులో నిలబడి తినడమే.

"కుడిచేత్తో పెట్టు," అన్నారు అత్తగారు, రోజూ చెప్పినట్టే.

ఆమె కుడిచేత్తోనే పెట్టింది. సూప్ కొంత నోట్లోకి వెళ్ళింది, కొంత గడ్డం మీదకి జారింది. తువ్వాలు తడిసింది. అత్తగారు కళ్ళు మూసుకుని ఓర్చుకున్నారు. ఈమె పళ్ళు బిగపట్టి ఓర్చుకుంది. ఇద్దరూ ఎవరి మర్యాద వాళ్ళు కాపాడుకున్నారు.

"ఏమన్నారు, తీసుకున్నారా కత్తి?" అని భర్త లోపలి గదిలోంచి కేకేశాడు.

"తీసుకోలేదు," అంది ఆమె. అది అబద్ధం కాదు. ఈమె ఇవ్వలేదు, ఆవిడ తీసుకోలేదు.

"నాకు తెలుసు, తగ్గింపు సరుకు వెనక్కి తీసుకోరు," అన్నాడాయన. ఇంకేం అడగలేదు.

ల్యాబులో మూస పోశాక అది గట్టిపడేదాకా చేతులు ఖాళీగా ఉంటాయి. ఇదివరకు ఆ వ్యవధిలో ఆమె అందరికీ టీ పెట్టేది. ఎవరూ చెప్పలేదు, మొదట్లో ఒకసారి పెట్టింది, అంతే, అది ఆమె పనయిపోయింది. ఈసారి టీ పెట్టలేదు. దుకాణం పెద్దావిడ ఇచ్చిన పచ్చికర్ర ముక్కల్లో ఒకటి తీసింది. సీనియర్ తల తిప్పి చూశాడు. కష్టమైన పళ్ళన్నీ ఆమె బల్ల మీదకి తోసి, కింద తన సంతకం పెట్టే మనిషి ఆయన.

"టీ లేదా ఇవాళ?"

"పెట్టుకోండి సార్. పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి."

ఆయన కాసేపు తటపటాయించాడు. తరవాత లేచి గిన్నె వెతుక్కున్నాడు. దాని చోటు ఆయనకు తెలియదు. "ఇన్నాళ్ళూ నమిలే సరంజామా చేశావు, ఇప్పుడు తినే సరంజామా కూడానా?" అన్నాడు టీ మరుగుతుండగా. ఎకసెక్కమే గానీ, తన కప్పుతో పాటు ఆమెకూ ఒక కప్పు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

మొదటి చెంచా గుంట అడుగున పలచబడి, చిల్లు పడింది. రెండోది ఎండేటప్పుడు పగిలింది. మూడోది నిలబడింది. ఎవరికోసమని చెయ్యలేదు. చెయ్యి చేస్తానంది, చేసింది.

గురువారం మధ్యాహ్నం ఆమె అత్తగారి ముందు కూర్చుని గిన్నె తీసేసరికి ల్యాబు నుంచి ఫోనొచ్చింది. ఎవరికో పంపాల్సిన పన్ను రంగు తేడాగా ఉందని సీనియర్ గాభరా. ఫోను కుడిచేత్తో చెవికి పెట్టుకుంది. "రెండో అర తియ్యండి సార్... కాదు, దాని కింద... నా పేరు రాసిన డబ్బా..." అంటూ మాట్లాడుతూనే ఉంది. అవతలి నుంచి ప్రశ్న మీద ప్రశ్న వస్తోంది. ఫోను పెట్టేసి చూసుకుంటే గిన్నె ఖాళీ. చెంచా ఎడమచేతిలో ఉంది. అత్తగారి మెడలో తువ్వాలు పొడిగా ఉంది.

ఆమె గబుక్కున చెంచా కుడిచేతిలోకి మార్చుకుంది.

"ఇప్పుడెందుకు మార్చడం, అయిపోయాక," అన్నారు అత్తగారు.

అత్తగారు తువ్వాలు అంచు పట్టుకుని చూశారు. అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. తరవాత కిటికీ వైపు తిరిగి, "మీ అమ్మ నీకు కట్టెయ్యలేదా చిన్నప్పుడు?" అన్నారు.

"ఏంటత్తయ్యా?"

"చెయ్యి."

"లేదే. ఎందుకు కడుతుంది?"

"కొంతమంది కడతారులే. కుర్చీ కోడుకి. భోజనాలయ్యేదాకా." ఆవిడ ఎడమచెయ్యి బల్ల కింద, ఒళ్ళో ఉంది. "ఇంక లే. బస్సు పోతుంది."

బస్సులో కూర్చున్నాక ఆమెకు బంగాళాదుంప తొక్క గుర్తొచ్చింది. చుట్టాలు, స్నేహితులు, పక్కింటివాళ్ళు ఎంతమందో ఆమె ఒలిచిన తొక్కలు చూసుంటారు. ఎవరికీ ఏమీ కనిపించలేదు. తొక్క ఎటు తిరిగితే ఏ చెయ్యో తెలియాలంటే, ఆ తిరుగుడు ఒకప్పుడు ఆవిడ చేతికీ తెలిసుండాలి. మానుకోవచ్చు అన్నారు ఆవిడ. మొదట్లో కష్టంగా ఉంటుంది అన్నారు. చెయ్యే మర్చిపోతుంది అన్నారు. పన్నెండేళ్ళుగా ఆమె ఆ మాటల్ని హుకుం అనుకుంది. ఇప్పుడు మళ్ళీ ఒక్కో మాటా పలుకుతున్నట్టు విన్నది. అది ఒక చిన్నపిల్లకి ఎవరో చెప్పిన మాట. ఆ పిల్ల దాన్ని యాభై ఏళ్ళు దాచుకుని, ఇంటికొచ్చిన కోడలికి, తనకి పనికొచ్చిన ఒకే ఒక్క ఉపాయంలా అప్పజెప్పింది. స్టాండును రాత్రిళ్ళు ఎడమవైపుకి జరిపిన మనిషి ఎవరి మీద గెలవాలని జరిపిందో! అలా అనుకున్నంత మాత్రాన తన వేళ్ళ మీది కోతలు మానిపోలేదు. అవి అక్కడే ఉన్నాయి. కానీ అవి ఎవరు పెట్టినవని చేతులు చూసుకుంటే, ఇదివరకట్లా ఒకే ముఖం గుర్తురాలేదు.

ల్యాబుకు వెళ్ళి నాలుగో ముక్క తీసింది. దీని పిడి లావుగా ఉంచింది. బొటనవేలు ఆనడానికి చిన్న పల్లం తీసింది. గుంట ఉన్న తలను తిన్నగా పెట్టకుండా కుడివైపుకి కొంచెం తిప్పింది. ఎడమచేత్తో పట్టుకుంటే మోచెయ్యి లేపక్కర్లేకుండా గుంట నోటికి ఎదురుగా వస్తుంది. గరుకు కాగితంతో రుద్దింది. అంచులు నాలుకకు గుచ్చుకోకుండా గుండ్రం చేసింది. ఆ దవడ కొలత ఆమెకు తెలుసు.

తరవాతి శనివారం మళ్ళీ దుకాణానికి వెళ్ళింది. "స్లీపింగ్ బ్యాగు కావాలి," అంది.

"ఎవరికి?" అంది పెద్దావిడ. ఎత్తు తెలియాలి కాబట్టి అడిగింది.

"నాకు."

పెద్దావిడ పై తాడు నుంచి రెండు దించి నేల మీద పరిచింది. "దూరి చూడండి. బట్టల్లాగే ఇవీ వేసుకుని చూడాలి." ఆమె చెప్పులు విప్పి, దుకాణం నడిమధ్య, గొడ్డళ్ళ కింద, స్లీపింగ్ బ్యాగులోకి దూరి పడుకుంది. మొదటిదానిలో పాదాల దగ్గర జానెడు ఖాళీ. "ఖాళీ ఉంటే చలి," అంది పెద్దావిడ. రెండోది పాదాల దాకా సరిగ్గా వచ్చింది. జిప్పు ఎడమచేతికి అందే వైపు ఉంది. జిప్పు లాక్కుని, కప్పు చూస్తూ కాసేపు అలాగే ఉండిపోయింది. ఒక గిరాకీ వచ్చి ఆమెను దాటుకుని సానరాయి తీసుకుని వెళ్ళాడు.

"నిద్రపోయారా ఏంటి?" అంది పెద్దావిడ.

"లేదండీ. ఇది తీసుకుంటాను."

ఆ స్లీపింగ్ బ్యాగు, సానరాయి ఒకటి, వేలికి తోలు తొడుగు ఒకటి కొంది. తోలు తొడుగు కుడిచేతి వేలికి పెట్టి చూపించింది పెద్దావిడ. కర్ర పట్టుకునేది కుడిచెయ్యి కదా ఇక్కడ, దెబ్బ తగిలేది దానికే.

వాగుకి వెళ్ళే ముందురోజు, శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర చెప్పింది.

"రేపు పొద్దున వెళ్తున్నాను. ఎల్లుండి సాయంత్రం వస్తాను."

"ఎక్కడికి?" అన్నాడు భర్త.

"అడవికి."

ఆయన నవ్వాడు. తరవాత తలుపు పక్కన సర్దిపెట్టిన సంచీ, దాని మీద కట్టిన కొత్త స్లీపింగ్ బ్యాగూ కనిపించాయి. నవ్వు ఆగింది. "మరి అమ్మ?"

"సూప్, జావ చేసి గిన్నెల్లో పెట్టాను. మీరు వేడి చేస్తే చాలు."

"వేడి చేస్తాను సరే. తినిపించేదెవరు?"

"వాడు తినిపిస్తే నేను తినను," అన్నారు అత్తగారు. "చిన్నప్పుడు చెల్లికి పాలు పట్టరా అంటే ముక్కులో పోశాడు."

"నాకప్పుడు ఆరేళ్ళమ్మా!"

"ఇప్పుడు మాత్రం పెద్ద తేడా ఏముందిలే."

"పోనీ ఎడమచేత్తో తిను. ఏమవుతుంది? చూడు, ఇంతే కదా," అని ఆయన చెంచా ఎడమచేతిలోకి తీసుకుని, గిన్నెలో ముంచి, తల్లి వైపు చూస్తూ నోటికి ఎత్తాడు. సూప్ చొక్కా జేబులోకి వెళ్ళింది.

"చూశాం," అన్నారు అత్తగారు.

ఆయన జేబు తుడుచుకుంటూ, "అసలు అక్కడికెళ్ళి ఏం చేస్తావు నువ్వు?" అన్నాడు.

"చెంచాలు చెక్కుతాం. కత్తి ఉందిగా."

"ఏ కత్తి? నా కత్తా? దానికి పదునే లేదుగా?"

"ఉందండీ. అది పుర్రచేతి కత్తి."

"నువ్వు పుర్రచెయ్యి మానేశావుగా?"

బల్ల దగ్గర ముగ్గురూ ఆగారు. ఇప్పుడు "మానేశాను" అంటే కత్తి అలమరలోకి, సంచి మంచం కిందకి వెళ్తాయి. ఎవరూ ఏమీ అనరు. అందరూ ప్రేమగానే ఉంటారు.

"లేదు," అంది.

చెంచా ఎడమచేతిలోకి తీసుకుని తన గిన్నెలో మిగిలింది తినడం మొదలుపెట్టింది. భర్త చూస్తూ ఉండిపోయాడు. పన్నెండేళ్ళలో ఆయన ఆమె ఒలకబోయకుండా తినడం చూడలేదు. అత్తగారు మాత్రం ఇటు చూడనేలేదు. తన గిన్నెలోకి చూసుకుంటున్నారు.

తినడం అయ్యాక ఆమె లేచి, సంచిలోంచి చెక్క చెంచా తెచ్చి అత్తగారి గిన్నె పక్కన పెట్టింది. ఎడమవైపు పెట్టింది.

"దీని మూతి వంకరపోయిందేంటి?" అన్నాడు భర్త.

అత్తగారు దాన్ని ముట్టుకోలేదు. "నేను ఎడమచేత్తో తినను," అన్నారు.

"మీ ఇష్టం అత్తయ్యా."

"ఎవరి ముందూ తినను."

"సరే అత్తయ్యా."

ఆ రాత్రి మిగిలింది ఆమె తినిపించింది. ఎడమచేత్తోనే. ఏ చేత్తో పెట్టాలో అత్తగారు చెప్పలేదు.

శనివారం పొద్దున భర్త మెట్ల కింద దాకా సంచి మోసుకొచ్చాడు. పట్టీలు సరిచేశాడు. ఆమె కట్టిన ముళ్ళు చూసి, "గట్టిగానే కట్టావే," అని, నాలుక కరుచుకున్నాడు. తన సామాను ఇన్నాళ్ళూ కట్టింది ఎవరో అప్పుడు గుర్తొచ్చినట్టుంది. "గుడారంలో తల ఎత్తు వైపు పెట్టి పడుకో," అన్నాడు. "నాకు మొదటిసారి ఎవరూ చెప్పలేదు."

వాగు దగ్గర ఫోను పని చెయ్యదు. ఆమె పగలంతా కర్ర చీల్చింది, చెక్కింది. ఎవరో వండారు, ఎవరో వడ్డించారు. ఆమె లేవబోతే, "కూర్చోండి, మీ వంతు రేపు," అన్నారు. కూర్చోవడం కొంచెం కష్టంగానే ఉంది. తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. అత్తగారు ఆకలితో మొండిగా కూర్చుని ఉంటారేమోనని తోచింది. వెళ్ళే దారి లేదు. లేచి వెళ్ళనూ లేదు. స్లీపింగ్ బ్యాగు జిప్పు కొంచెం దించి, చెయ్యి బయటకు తీసి, గుడారం గుడ్డను లోపలి నుంచి ముట్టుకుంది. ఇంట్లో గుడారానికున్న కుట్టే దీనికీ అక్కడే ఉంది. బయట మంచు, లోపల వెచ్చన. ఇదన్నమాట, అనుకుంది. మళ్ళీ నిద్రపోయింది.

ఆదివారం సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చింది. తలుపు భర్త తీశాడు.

"అత్తయ్య తిన్నారా?" అంది సంచి దించకుండానే.

"ఏమో నాకు తెలీదు. నిన్న మధ్యాహ్నం గిన్నె వేడి చేసి పెట్టాను. నన్ను బయటికి పంపించి వంటింటి తలుపేసుకుంది. రాత్రీ అంతే. ఇవాళా అంతే. ఏం చేస్తోందమ్మా లోపల అంటే, నీకెందుకురా అంటుంది."

అత్తగారు తన గదిలో పడుకుని ఉన్నారు. మెడలో తువ్వాలు లేదు. అది మడత పెట్టి కుర్చీ మీద ఉంది, పొడిగా. "వచ్చావా," అన్నారు కళ్ళు తెరవకుండా. "దోమలు కుట్టాయా?"

"కుట్టాయత్తయ్యా."

ఆమె చేతులు కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెల స్టాండు కుళాయికి కుడివైపు ఉంది. అందులో ఒక గిన్నె, ఒక చెక్క చెంచా. రెండూ ఇంకా తడిగా ఉన్నాయి.